వీధి బాగుకు సొంత పన్ను: బిడ్‌ల వెనుక కథ

1960లలో టొరంటో నగరంలోని బ్లోర్ వీధి వర్తకులకు రెండు దెబ్బలు దాదాపు ఒకేసారి తగిలాయి. యార్క్‌డేల్ మాల్ 1964లో తెరుచుకుంది. తరువాత భూగర్భ రైలు వచ్చి, దుకాణాల ముందు నుంచి నడిచే ట్రామ్‌లు ఆగిపోయాయి. వీధిని బాగుచేసుకుందామని వర్తక సంఘం చందాలు పోగుచేస్తే కొందరే ఇచ్చేవారు, ఫలితం మాత్రం అందరికీ దక్కేది. అందువల్ల చందాను తప్పనిసరి చేసే చట్టం కావాలని వారే కోరారు. ఆ చట్టం ఆధారంగా 1970లో ఏర్పడిన బ్లోర్ వెస్ట్ విలేజ్‌ను ప్రపంచంలో మొదటి బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ (తప్పనిసరి చందాతో తమను తామే బాగుచేసుకునే వ్యాపార ప్రాంతం)గా, అంటే మొదటి ‘బిడ్’గా, పరిశోధకులు లెక్కిస్తారు.

1975లో దివాలా అంచుకు చేరిన న్యూయార్క్‌లో ఈ పద్ధతి వేరే రూపం తీసుకుంది. యూనియన్ స్క్వేర్‌లో 1984లోనూ, టైమ్స్ స్క్వేర్‌లో 1992లోనూ బిడ్‌లు వచ్చాయి. అదనపు సుంకాన్ని నగరమే ఆస్తి యజమానుల నుంచి వసూలు చేసి బిడ్‌కు అప్పగిస్తుంది. ఆ సొమ్ముతో ఊడ్పు, కాపలా, దీపాలు వంటి పనులు నగర సేవలకు అదనంగా జరుగుతాయి.

వీటి ఫలితాన్ని కొలవడం తేలిక కాదు, ఎందుకంటే బిడ్ పెట్టుకోగలిగిన పేట అప్పటికే కాస్త నిలదొక్కుకున్నదై ఉండవచ్చు. లీయా బ్రూక్స్ 2008లో ప్రచురించిన లాస్ ఏంజెలిస్ అధ్యయనంలో, బిడ్ పెట్టాలనుకుని పెట్టుకోని పేటలతోనూ పోల్చి చూశారు. నేరాలు 6 నుంచి 10 శాతం తగ్గినట్టు తేలింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోని ఫర్మన్ సెంటర్ 2007లో వాణిజ్య ఆస్తుల ధరలు బిడ్‌ల వల్ల సుమారు 15 శాతం పెరిగాయని చెప్పింది. అయితే ఆ లాభం ఆఫీసు భవనాలున్న పెద్ద బిడ్‌లదే. చిల్లర దుకాణాల చిన్న బిడ్‌లలో అంతగా కనబడలేదు. నా దృష్టిలో చిన్న బిడ్‌ల సంగతే అసలు సంగతి, కానీ ప్రచారంలో 15 శాతం లెక్కే ఎక్కువగా వినిపిస్తుంది.

పెత్తనం ఎవరిదన్న తగవు 1998లో కోర్టుకెక్కింది. న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ బిడ్ పాలకమండలిలో ఆస్తి యజమానులకే మెజారిటీ ఉండటాన్ని అక్కడి నివాసులు సవాలు చేయగా, బిడ్ అధికారాలు పరిమితమైనవి కనుక ‘ఒక మనిషికి ఒక ఓటు’ సూత్రం వర్తించదని అప్పీలు కోర్టు తేల్చింది. అదే ఏడాది, ఆ బిడ్ నిరాశ్రయులకు శిక్షణ పేరిట కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం చట్టవిరుద్ధమని మరో కేసులో న్యాయమూర్తి సోనియా సోటోమేయర్ తీర్పిచ్చారు.

2003 చట్టం తరువాత బిడ్‌లు మొదలైన ఇంగ్లండ్‌లో సుంకం ప్రధానంగా భవన యజమానిపై కాక, అందులో వ్యాపారం నడిపేవారిపై పడుతుంది, ఓటూ వారిదే. ఓట్ల సంఖ్యలోనూ, ఓటేసినవారి ఆస్తుల పన్ను విలువలోనూ మెజారిటీ వస్తేనే బిడ్ ఏర్పడుతుంది. గరిష్ఠంగా అయిదేళ్లకోసారి మళ్లీ ఓటింగ్ జరగాలి. వీధి మెరుగుపడి అద్దెలు పెరిగితే మాత్రం ఆ లాభం భవన యజమానికే చేరుతుంది.