బడ్జెట్‌లో రాసిందంతా ఖర్చు కాదు: కొన్ని అపోహలు - వాస్తవాలు

ప్రభుత్వ పనుల బిల్లులు చూసీ చూసీ విజయవాడలోనే రిటైరయ్యాను. బడ్జెట్ పెట్టిన రోజు టీ కొట్టు దగ్గర మాటలు వింటే ఇప్పటికీ నోరు ఊరుకోదు.

అపోహ: "మా రోడ్డుకి రెండు కోట్లు ఇచ్చారట!"

ఇంకా ఎవరూ ఏమీ ఇవ్వలేదు. బడ్జెట్‌లో ఉన్నది అంచనా. ఆ తర్వాత పరిపాలనా అనుమతి, సాంకేతిక మంజూరు, టెండరు, అగ్రిమెంటు, పని, ఎం-బుక్కులో (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నమోదు, ఇన్ని దాటి బిల్లు పాసై కాంట్రాక్టరు ఖాతాలో డబ్బు పడితేనే అది ఖర్చు. బడ్జెట్ పుస్తకంలో రెండేళ్ల కిందట నిజంగా ఎంత ఖర్చయిందో చెప్పే 'లెక్కలు' అని ఒక కాలమ్ ఉంటుంది, అసలు కథ అక్కడ చదవాలి. వాడని నిధులు మార్చి 31తో మురిగిపోతాయి కాబట్టి ఆ నెలంతా మా ఇంట్లోవాళ్లకి నా మొహం కనిపించేది కాదు. బిల్లు ఆగితే నష్టం కాంట్రాక్టరుతో ఆగదు. ఒక డ్రైను పని చేసినాయన లాభమంతా వడ్డీకే పోయింది, మేస్త్రీకి కూలీ బాకీ పడ్డాడు, మేస్త్రీ కిరాణా కొట్టులో బాకీ పెట్టాడు. తర్వాతి టెండర్లో ఆయన రేటు పెంచి వేశాడంటే తప్పు పట్టలేకపోయాను.

అపోహ: "కట్టడాలు పెట్టుబడి, జీతాలూ మరమ్మతులూ దుబారా."

ఇది చదువుకున్నవాళ్లు కూడా అంటారు. లెక్కల్లో బడి భవనం మూలధన వ్యయం, అంటే ఆస్తి మిగిలే ఖర్చు; టీచరు జీతం రెవెన్యూ వ్యయం, అంటే ఏటా నడపడానికి అయ్యే ఖర్చు, నిజమే. కానీ టీచరు లేని భవనంలో మేకలు పడుకుంటాయి. మన డెల్టానే చూడండి. 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట కట్టింది ప్రభుత్వ సొమ్ముతోనే, ఇక్కడి వరి, మిల్లులు, బజార్లు దాని నీడన పెరిగినవే. అదే ఆనకట్ట 1952లో తెగింది, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కట్టేసి వదిలేస్తే కుదరదు. పూడిక తీయడం, గట్లు బలపరచడం లాంటి రోజువారీ పనులు రెవెన్యూ ఖాతాలోవి, డబ్బు బిగుసుకుంటే ముందు కోత పడేది వీటికే, ఎందుకంటే పూడికతీతకి ఎవరూ రిబ్బను కట్ చేయరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకి గండ్లు పడి మా విజయవాడలోని సింగ్ నగర్ మునిగింది. వాన అసాధారణమే, కాదనను, కానీ గండ్లు పూడ్చడానికి ఆర్మీ కూడా దిగాల్సి వచ్చింది.

అపోహ: "పన్ను కట్టేది మేం, తినేది వాళ్లు."

ఆ 'వాళ్లు', అంటే పథకాలు అందుకునే పేదలు, చేయించుకునే ఫోన్ రీచార్జి మీద కూడా 18 శాతం జీఎస్టీ ఉంది.

అపోహ: "అప్పెందుకు, నోట్లు అచ్చేసుకోవచ్చుగా?"

రాష్ట్రానికి ఆ అధికారమే లేదు. రిజర్వు బ్యాంకు ద్వారా బాండ్లు వేలం వేసి అప్పు తెస్తుంది, కేంద్రానికి బాకీ ఉన్నంతకాలం 293వ అధికరణ ప్రకారం కేంద్రం ఒప్పుకోవాలి. అప్పు చేయడం తప్పు కాదు, కాలవకి తెచ్చామా, పాత అప్పు వడ్డీకి తెచ్చామా అన్నది చూడాలి. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చే రాష్ట్ర ఆర్థిక నివేదికలో అదంతా ఉంటుంది. మా అల్లుడికి పీడీఎఫ్ పంపాను, ఇంకా తెరవలేదు.