బోర్డు మీద పేర్లు

మాస్టారు గది దాటగానే క్లాస్ లీడర్ సుద్దముక్క అందుకుంటాడు. మాట్లాడినవాడి పేరు బోర్డెక్కుతుంది. మళ్ళీ నోరు విప్పితే పక్కన ఇంటూ మార్కు. కోనసీమలో చదువుకున్న మాలో ఆ బోర్డు ఎక్కనివాళ్ళు తక్కువ. ఈ లీడర్‌నే మానిటర్ అనేవాళ్ళం. అతని అసలు పని మాత్రం ఇది కాదు.

పాత వీధి బడికి నిశ్శబ్దంతో పనే లేదు. ఇసుకలో వేలితో దిద్దుతూ, గొంతెత్తి వల్లెవేస్తూ చదివేవారు. అరుపు ఆగితేనే పంతులుగారికి అనుమానం వచ్చేదేమో! 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో బడుల లెక్కలు అడిగితే రాజమండ్రి నుంచీ వివరాలు వెళ్ళాయి. బళ్ళారి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823లో రాసింది మరీ వివరంగా ఉంటుంది. పొద్దున్నే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్నా, మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోయేవి. బద్ధకస్తుణ్ణి రెండు చేతులూ కట్టి పైకప్పుకి వేలాడదీయడమూ, కూర్చోబెట్టి లేపడమూ ఉన్నాయి. తాతలు చెప్పే కోదండం, గుంజీలు ఇవే. కొట్టింది ఆలస్యానికీ బద్ధకానికీ.

ఆ బడుల్లో పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకి చెప్పేవారు. మద్రాసులో అనాథ బాలుర బడి నడిపిన ఆండ్రూ బెల్ దగ్గర్లోని ఒక బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి ఆ పద్ధతి తెచ్చుకున్నాడు, పాఠాలూ పిల్లలచేతే చెప్పించాడు. 1797లో ఇంగ్లండులో దాని మీద పుస్తకం వేశాడు. అక్కడ దాన్ని మద్రాసు పద్ధతి అన్నారు. తర్వాత మన బడుల్లోకి బెంచీలు, నల్లబల్ల, క్లాసుకో మాస్టారు వచ్చారు. పాఠం చెప్పే మానిటర్ చివరికి పేర్లు రాసేవాడయ్యాడు.

2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. మంచిదే. అదే చట్టం లెక్కలో ప్రైమరీ స్కూల్లో 60 మంది దాకా ఇద్దరే టీచర్లు. ఐదు తరగతులకి ఇద్దరు! ఒక క్లాసుకి చెబుతుంటే పక్క బెంచీలవాళ్ళు ఏం చేస్తారు? కబుర్లే కదా. ‘అల్లరి పిల్లలు’ అన్న ఫిర్యాదులో సగం ఈ లెక్క దగ్గరే పుడుతుందని నాకనిపిస్తుంది.

అలాంటి గదుల్లో కొందరు టీచర్లు ఐదో తరగతి పిల్లని రెండో తరగతివాళ్ళ పక్కన కూర్చోబెట్టి గుణింతాలు చెప్పిస్తారు. వరండాలో వెళ్ళేవాళ్ళకి మాత్రం అదీ గోలగానే వినిపిస్తుంది.