రెండు లైన్లున్నాయి కదా అని హుక్కులు గుచ్చేయకండి: ఐస్ ఫిషింగ్ అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో చేపల ఎర, సామాన్లు అమ్మే కొట్లో శని, ఆదివారాలు పనిచేస్తాను. సరస్సులు గడ్డకట్టి, మంచుకి కన్నం చేసి లైను, అంటే గాలం దారం, వేసే ఐస్ ఫిషింగ్ మొదలైతే చాలు, మనవాళ్లది ఒకటే ప్రశ్న: "అన్నా, చలికాలంలో రెండు లైన్లు వేసుకోవచ్చటగా, ఒక్కోదానికి మూడేసి హుక్కులు కట్టేద్దామా?"

అపోహ: రెండు లైన్లకు అనుమతి ఉంటే హుక్కులు మనిష్టం.

వాస్తవం: కాదు. లైన్ల లెక్క వేరు, హుక్కుల లెక్క వేరు. ఇక్కడ వేసవిలో ఒక్క లైను, మంచు మీద రెండు. లైనుకు మామూలుగా ఒక్క హుక్కే. లైను చివర ఒకే రిగ్గుగా (ఒకే కట్టుగా) కడితే మూడు హుక్కుల దాకా ఉండొచ్చు, కానీ మొదటి హుక్కుకీ చివరి హుక్కుకీ మధ్య 9 అంగుళాలు దాటకూడదు. మూడు కొక్కేలుండే ట్రెబుల్ హుక్ ఒకటిగానే లెక్క.

మా బావమరిది విస్కాన్సిన్‌లో ఉంటాడు. అక్కడ మూడు లైన్లు, అన్నీ కలిపి మూడు హుక్కులు. ఆ అలవాటుతోనే క్రాపీ చేప కోసం కింద జిగ్గు (బరువు తల ఉన్న హుక్కు), అడుగు పైన ఇంకో హుక్కు కట్టుకొని మా సరస్సుకొచ్చాడు. చేపల వేట నియమాలు చూసే అధికారి మంచు మీద మోకాళ్లపై కూర్చుని, దారం బిగలాగి టేపు పెట్టాడు. పన్నెండున్నర అంగుళాలు! జరిమానా టికెట్ రాసేశాడు. "వీడియోలో చూసే కట్టాను బావా" అన్నాడు పాపం. పొద్దున లైసెన్సు ఉందా అని అడిగినవాణ్ణి, రిగ్గు చూపించమని అడగలేదు. ఆ బాధ నాకింకా పోలేదు. వీడియో ఏ రాష్ట్రంలో తీశారో చూడకుండా ఇంకొకరికి పంపించేవాళ్లంటే అప్పట్నుంచీ నాకు ఒళ్లు మంట.

నార్తర్న్ పైక్ చేప కోసం క్విక్ స్ట్రైక్ రిగ్ (ఒకే ఎరకి రెండు హుక్కుల కట్టు) కట్టేటప్పుడు నేను స్టీల్ లీడర్‌ని (లైను చివరి స్టీలు తీగని) బల్ల మీద తిన్నగా లాగి పట్టుకుంటాను. రెండు ట్రెబుల్ హుక్కుల మధ్య 7 అంగుళాలు దాటనివ్వను. 9 దాకా పోయి తంటాలు పడటం ఎందుకు?

కొత్తవాళ్లు భయపడుతూ అడుగుతారు: "నేను కొన్న లూర్‌కి రెండు ట్రెబుల్స్ ఉన్నాయి, పట్టుకుంటారా?" పట్టుకోరు. కృత్రిమ ఎర ఒక్కటే అయితే దానికి ఎన్ని హుక్కులున్నా ఫరవాలేదు. నిశ్చింతగా వెళ్లండి.

చేప పడితే జెండా లేచే టిప్-అప్ పెట్టేసి ఇంటికెళ్లి కాఫీ తాగి రావొచ్చా? కుదరదు, 200 అడుగుల లోపే ఉండాలి.

పిల్లాడి పేరు చెప్పి మూడో లైను వేసుకోవచ్చా? పదహారేళ్ల లోపు ఇక్కడి పిల్లలకు లైసెన్సు అక్కర్లేదు, నిజమే. కానీ ఆ లైను పట్టాల్సింది వాడే, మీరు కాదు.

ట్రౌట్ చేపల సరస్సులుగా ప్రకటించిన చోట చలికాలంలో కూడా ఒక్క లైనే. సరిహద్దు నీళ్లలో నియమాలు మళ్లీ వేరు, వెళ్లేముందు ఆ ఏడాది డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) నియమాల పుస్తకం తెరవండి. అనుమానముంటే కట్టిన రిగ్గు కొట్టుకి తెచ్చేయండి, కొలిచి చెప్తాను.