సూడాన్ యుద్ధం, కాల్పుల విరమణ, సాయం: రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

యుద్ధం జరుగుతున్న చోటికి తిండీ మందులూ చేర్చడానికి దారి అడగడం నా ఉద్యోగం. మా ఆఫీసుల్లో దీన్ని యాక్సెస్ అంటారు. ఏ రోడ్డున వెళ్ళాలి, ఎవరి సంతకం కావాలి, ఏ చెక్‌పోస్టులో ఎవరితో మాట్లాడాలి, రోజంతా ఇదే పని. ఇంటికొచ్చినప్పుడు చుట్టాలూ స్నేహితులూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి, టీవీ చర్చల్లోనూ అవే మాటలు. వాటిలో కొన్నింటికి సూడాన్ ఉదాహరణలతోనే జవాబు రాస్తున్నాను. ఈ రంగంలో జరగగల మంచీ చెడూ రెండూ ఆ ఒక్క దేశంలోనే జరిగాయి, పైగా మనవాళ్ళు 2023 ఏప్రిల్‌లో రెండు వారాలు దాని గురించి మాట్లాడుకుని తర్వాత మర్చిపోయారు. ఆ ఏప్రిల్ 15న జనరల్ బుర్హాన్ నడిపే దేశ సైన్యానికీ, హెమెద్తీ నడిపే ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే పారామిలిటరీ దళానికీ (ఇకనుంచి ఆ దళాన్ని ఆర్‌ఎస్‌ఎఫ్ అంటాను) మొదలైన యుద్ధం అది.

అపోహ: కాల్పుల విరమణ కుదిరితే సాయం దానంతట అదే వెళ్తుంది

వెళ్ళదు. రెండూ వేరే పనులు, వేరే కాగితాలు. 2023 మే 20న జెడ్డాలో, సౌదీ, అమెరికా మధ్యవర్తిత్వంలో రెండు పక్షాలూ ఏడు రోజుల విరమణ మీద సంతకాలు పెట్టాయి, అది 22వ తేదీ రాత్రి 9.45కి అమల్లోకి వచ్చింది. కొన్ని చోట్ల కాల్పులు తగ్గాయి, కొంత సాయం కదిలింది కూడా. కానీ లారీ కదలాలంటే పైన ఇద్దరు జనరళ్ళు ఒప్పుకుంటే సరిపోదు కదా.

ఒక కాన్వాయ్ కాగితం ఎలా ఉంటుందో చెప్తాను. ప్రతి లారీ నంబరు, డ్రైవర్ పేరు, ఫోన్ నంబరు, ఎన్ని బస్తాల జొన్నలు, ఎన్ని పెట్టెల మందులు, ఏ రోజు ఏ ఊరు దాటుతుంది, రాత్రి ఎక్కడ ఆగుతుంది. దాని మీద ప్రభుత్వం వైపు హ్యూమానిటేరియన్ ఎయిడ్ కమిషన్ స్టాంపు, మిలిటరీ ఇంటెలిజెన్స్ ఓకే, అవతలికి వెళ్ళాక ఆర్‌ఎస్‌ఎఫ్ పెట్టుకున్న సాయం ఏజెన్సీ స్టాంపు. దారిలో ఒక లారీ యాక్సిల్ విరిగి, సరుకు ఇంకో లారీలోకి మార్చారనుకోండి, ఆ నంబరు కాగితంలో ఉండదు. చెక్‌పోస్టులో తుపాకీ పట్టుకున్న కుర్రాడు జెడ్డా పేరు విని ఉండకపోవచ్చు, వాళ్ళ కమాండర్ ఫోన్‌కి సిగ్నల్ ఉండదు, మొత్తం కాన్వాయ్ అక్కడే ఎండలో నిలబడిపోతుంది. ఎవరూ కాల్పులు జరపలేదు, విరమణ ఉల్లంఘన ఏమీ లేదు, అయినా అన్నం చేరలేదు.

అన్నీ సరిగ్గా ఉన్నా భరోసా లేదు. 2025 జూన్ 2 రాత్రి, పోర్ట్ సూడాన్ నుంచి 1,800 కిలోమీటర్లు వచ్చి పశ్చిమాన డార్ఫుర్ ప్రాంతంలోని అల్ ఫాషర్ నగరానికి దగ్గర్లో అల్ కోమా దగ్గర ఆగిన 15 లారీల ఐరాస కాన్వాయ్ మీద దాడి జరిగి ఐదుగురు చనిపోయారు. ఆ దారి రెండు పక్షాలకీ ముందే తెలియజేసిందే. దాడి నువ్వు చేశావంటే నువ్వు చేశావన్నారు ఇద్దరూ.

దీనికి తిరగేసిన సంగతి కూడా నిజమే. విరమణ లేకుండానే సాయం వెళ్ళిన సందర్భాలు ఉన్నాయి. 1989లో ఆపరేషన్ లైఫ్‌లైన్ సూడాన్ మొదలైనప్పుడు రాజధాని ఖార్టూమ్‌లోని ప్రభుత్వమూ, అప్పటి అంతర్యుద్ధంలో దక్షిణాన పోరాడుతున్న ఎస్‌పీఎల్‌ఏ అనే తిరుగుబాటు దళమూ ఒప్పుకున్నాయి. యుద్ధం మధ్యలోనే కెన్యాలోని లోకిచోగియో నుంచి ఏళ్ళ తరబడి విమానాలు ఎగిరాయి. అయితే ఏ విమానం ఎగరొచ్చో చెప్పే హక్కు ప్రభుత్వం తన దగ్గరే ఉంచుకుంది. 1998 మొదట్లో బహర్ అల్ ఘజాల్ ప్రాంతంలో జనం ఆకలితో అల్లాడుతున్నప్పుడు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ అనుమతి ఆపేసింది. అందుకే ఏ ఒప్పందం చూసినా నేను మొదట వెతికేది, కాదనే అధికారం ఎవరి చేతిలో మిగిలిందనే.

అపోహ: సరిహద్దు ఎవరి అధీనంలో ఉంటే వాళ్ళని అడిగితే చాలు

చాద్ సరిహద్దులో అద్రే అనే ఊరుంది. అక్కణ్ణుంచి డార్ఫుర్‌లోని అల్ జెనీనా ముప్పై కిలోమీటర్ల లోపే. సూడాన్ వైపు నేల ఆర్‌ఎస్‌ఎఫ్ చేతిలో ఉంది, సైన్యం వాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. అయినా 2024 ఫిబ్రవరిలో, ఆ దారిన ఆయుధాలు వస్తున్నాయంటూ అప్పట్లో పోర్ట్ సూడాన్‌లో ఉన్న, సైన్యం నడిపే ప్రభుత్వం అద్రేను మూసేసింది, ఐక్యరాజ్యసమితి లారీలు ఆగిపోయాయి. సభ్యదేశంగా ఐరాస గుర్తించేది ఆ ప్రభుత్వాన్నే కాబట్టి ఆ 'వద్దు' చెల్లింది. బదులుగా ఉత్తరాన టినె అనే దారి ఇచ్చారు. వానలు పడగానే వాగులు పొంగి అదీ పనికిరాకుండా పోయింది. ఆగస్టు 1న అల్ ఫాషర్ దగ్గరి జమ్‌జమ్ నిర్వాసితుల శిబిరంలో క్షామం ఉందని నిపుణుల కమిటీ నిర్ధారించింది. ఆగస్టు 15న అద్రే మూడు నెలలకి తెరిచారు, కొన్ని రోజులకే మొదటి లారీలు దాటాయి. క్షామం వచ్చాక తెరిచారు, ముందు కాదు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

ఆ మూడు నెలల గడువు కూడా చిన్న విషయం కాదు. ఆ సరుకులో చాలాభాగం కామెరూన్‌లోని దువాలా రేవులో దిగి, చాద్ అంతా దాటి అద్రే చేరడానికి వారాలు పడుతుంది. గడువు ముగిసేలోపు పొడిగిస్తారో లేదో తెలియకుండా ఎవరు ఎంత కొని ఎక్కడ నిల్వ పెట్టాలి? పొడిగించారు, మళ్ళీ పొడిగించారు, ప్రతిసారీ చివరిదాకా టెన్షనే.

వేరే మార్గం లేదా అంటే ఉంది. సిరియాలో 2014 జులైలో భద్రతా మండలి 2165 నంబరు తీర్మానం చేసి, డమాస్కస్‌లోని ప్రభుత్వం ఒప్పుకోకపోయినా నాలుగు సరిహద్దు ద్వారాల గుండా ఐరాస సాయం పంపొచ్చంది, ముందుగా తెలియజేస్తే చాలంది. అదీ శాశ్వతం కాలేదు. ఏడాదికోసారి బేరాలు జరిగి, రష్యా వీటోల మధ్య 2020కల్లా నాలుగు కాస్తా ఒకటి అయింది. సూడాన్‌కి అలాంటి తీర్మానం అసలు రానేలేదు.

అపోహ: భద్రతా మండలి తీర్మానం చేస్తే వినక తప్పదు

2024 మార్చిలో, రంజాన్ నెలకి కాల్పులు ఆపమని 2724 తీర్మానం. ఆపలేదు. అదే ఏడాది జూన్ 13న, అల్ ఫాషర్ ముట్టడి ఎత్తెయ్యమని ఆర్‌ఎస్‌ఎఫ్‌ని ఉద్దేశించి 2736 తీర్మానం. ఎత్తెయ్యలేదు సరికదా, 2025లో ఊరి చుట్టూ మట్టికట్టలు పోశారు. అవి శాటిలైట్ ఫొటోల్లో స్పష్టంగా కనిపించాయి. లోపల జనం అంబాజ్ తిన్నారు. అంటే నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క, మన ఊళ్ళలో గేదెల కుడితిలో వేసేది. కొన్నాళ్ళకి అదీ దొరకలేదు. అక్టోబర్ 26న ఊరు ఆర్‌ఎస్‌ఎఫ్ వశమైంది, తర్వాత జరిగిన హత్యల్ని ప్రపంచం ఫోన్లలో చూసింది.

అలాగని తీర్మానాలు పనికిరావని అననుగానీ, దాని వెనకాల ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారు, ఎవరి ఆయుధాల సరఫరా ఆగుతుంది అన్నది తేలకపోతే అది కాగితమే. 2024 నవంబర్‌లో బ్రిటన్, సియెర్రా లియోన్ తెచ్చిన ముసాయిదాకి 14 ఓట్లు పడ్డాయి, రష్యా ఒక్కటే వీటో చేసింది, కథ అక్కడితో అయిపోయింది.

అపోహ: విమానాల్లోంచి జారవిడిస్తే గొడవే ఉండదు కదా

సిరియాలోని దేర్ అజ్ జోర్‌లో ప్రపంచ ఆహార కార్యక్రమం 2016 ఫిబ్రవరి 24న మొదటిసారి ప్రయత్నించింది. 21 ప్యాలెట్లు (పేర్చి కట్టిన సరుకు) వదిలితే పది ఎక్కడ పడ్డాయో తెలియలేదు, ఏడు రెండు పక్షాల మధ్య ఖాళీ నేలలో పడ్డాయి, నాలుగు దెబ్బతిన్నాయి. పద్ధతి మార్చుకుని ఏప్రిల్ నుంచి మళ్ళీ మొదలుపెట్టి వందలసార్లు విజయవంతంగా వేశారు, అది నిజంగా గొప్ప పని. కానీ లారీతో పోలిస్తే ఖర్చు ఎన్నో రెట్లు, కింద ఏరి పంచడానికి మనుషులుండాలి, పై నుంచి ఎగరడానికి కూడా ఎవరో ఒకరి అనుమతి కావాలి. గొడవ ఎక్కడికీ పోదు.

అపోహ: ఎలాగూ ఉల్లంఘిస్తారు, ఈ విరమణలన్నీ దండగ

ఈ మాట విన్నప్పుడు నేను 1995 గురించి చెప్తాను. నారికురుపు నిర్మూలన కోసం అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సూడాన్‌లో అప్పటి అంతర్యుద్ధంలోని రెండు పక్షాల చేతా కాల్పులు ఆపించాడు. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒకప్పుడు ఉన్న రోగమే అది, దిగుడుబావుల నీళ్ళతో వచ్చేది, పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. ఆ విరమణ దాదాపు ఆరు నెలలు నిలిచింది. నీళ్ళు వడకట్టే గుడ్డలు పంచారు, పిల్లలకి టీకాలు వేశారు. యుద్ధం మళ్ళీ మొదలైంది, నిజమే, కానీ ఆ టీకాలు వెనక్కి పోలేదు.

2002 జనవరిలో నూబా కొండల కోసం స్విట్జర్లాండ్‌లో కుదిరిన ఒప్పందం ఇంకా బాగా నిలిచింది, 2005లో పెద్ద శాంతి ఒప్పందం వచ్చేదాకా. ఎందుకు నిలిచింది? నార్వే బ్రిగేడియర్ జనరల్ ఒకాయన నడిపిన చిన్న నిరాయుధ బృందాలు అక్కడే, ఆ కొండల్లోనే ఉన్నాయి. ప్రతి బృందంలో విదేశీ పరిశీలకుడితోపాటు ప్రభుత్వం మనిషీ, తిరుగుబాటుదారుల మనిషీ కూర్చునేవారు. ఎక్కడైనా తుపాకీ పేలిందని తెలిస్తే ముగ్గురూ ఒకే బండిలో వెళ్ళి చూసొచ్చేవారు. జెడ్డా విరమణకి కూడా 12 మంది కమిటీ ఉంది, కాకపోతే వాళ్ళు చూడాల్సింది దూరం నుంచే, ఖార్టూమ్ వీధుల్లో ఒక్కరూ లేరు. 2023 మే 31న సైన్యం చర్చల నుంచి తప్పుకుంది.

అరకొర విరమణల విలువ మనకూ తెలిసే ఉండాలి. 2023 యుద్ధం మొదట్లో వచ్చిన 72 గంటల విరమణలు సగం సగమే అమలయ్యాయి. ఆ సందుల్లోనే ఖార్టూమ్ నుంచి పోర్ట్ సూడాన్‌కి ఎనిమిది వందల కిలోమీటర్లు బస్సుల్లో వచ్చి, మన ప్రభుత్వం నడిపిన ఆపరేషన్ కావేరిలో 3,800 మందికి పైగా ఇండియా చేరారు, వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు.

అపోహ: సాయుధ దళాలతో మాట్లాడితే వాళ్ళకి గుర్తింపు ఇచ్చినట్టే

కాదు. జెనీవా ఒప్పందాల మూడో అధికరణమే, ఈ నిబంధనలు వర్తింపజేసినంత మాత్రాన ఎవరి చట్టబద్ధ హోదా మారదని రాసిపెట్టింది. రోడ్డు వాళ్ళ చేతిలో ఉంటే వాళ్ళతోనే మాట్లాడాలి.

అపోహ: ఎంత పంపినా తుపాకులు ఉన్నవాళ్ళే తినేస్తారు

మళ్ళింపు జరుగుతుంది, దాన్ని దాచిపెట్టే సంస్థలంటే నాకు గౌరవం లేదు. కానీ దానికి జవాబు ఆపెయ్యడం ఒక్కటే కాదు. 2019 జూన్‌లో యెమెన్‌లో ఈ కారణంతోనే ప్రపంచ ఆహార కార్యక్రమం సనాలో పంపిణీ కొంతవరకు ఆపింది, లబ్ధిదారుల నమోదు మీద, సనాను ఏలుతున్న హూతీలతో ఆగస్టులో ఒప్పందం కుదిరాక మళ్ళీ మొదలుపెట్టింది. అలా ఆపిన రోజుల్లో తినకుండా ఉన్నది తుపాకులు ఉన్నవాళ్ళు మాత్రం కాదు. కాబట్టి ఆ ఆయుధం చాలా అరుదుగా, చాలా కొద్దికాలమే వాడాలి.

అపోహ: మధ్యవర్తులంటే ఎటువైపూ లేనివాళ్ళు

2025 సెప్టెంబర్ 12న అమెరికా, సౌదీ, ఈజిప్ట్, యూఏఈ కలిసి మూడు నెలల మానవతా విరమణకి పిలుపునిచ్చాయి. ఈజిప్ట్ సైన్యానికి దగ్గరన్నది బహిరంగమే. చాద్‌లోని అమ్‌జరాస్ మీదుగా యూఏఈ నుంచి ఆర్‌ఎస్‌ఎఫ్‌కి ఆయుధాలు వెళ్తున్నాయన్న ఆరోపణలు నమ్మదగినవేనని ఐరాస నిపుణుల బృందం 2024లో రాసింది. యూఏఈ కాదంటోంది. నవంబర్‌లో ఆర్‌ఎస్‌ఎఫ్ ఆ పిలుపుకి సరేనంది, యుద్ధం మాత్రం ఆపలేదు. అలాంటి దేశాల్ని బల్ల దగ్గర కూర్చోబెట్టకుండా పని జరగదు, సరఫరా ఆపగలిగేది వాళ్ళే కాబట్టి. కానీ వాళ్ళని తీర్పరులుగా చూపించే వార్తలు చదివినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

అపోహ: సాయం అంటే తెల్ల లాండ్‌క్రూజర్లలో వచ్చే విదేశీయులు

ఖార్టూమ్‌లో, అల్ ఫాషర్‌లో నెలల తరబడి జనానికి అన్నం పెట్టింది ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్ అనే స్థానిక కుర్రాళ్ళ, అమ్మాయిల బృందాలు. 2025లో వాళ్ళకి రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. తకాయా అనే ఆ సామూహిక వంటశాలల్లో ఒక పెద్ద గిన్నె పప్పు, వీధంతా గిన్నెలు పట్టుకున్న పిల్లలు. ఫోన్‌లో బ్యాంక్ యాప్‌కి డబ్బు వస్తే బజారులో దొరికింది కొని వండుతారు. 2024 ఫిబ్రవరిలో దేశంలో చాలాచోట్ల నెట్‌వర్క్ పోగానే డబ్బు రాక వంటశాలలు ఆగిపోయాయి. 2025 మొదట్లో అమెరికా నిధులు నిలిపేశాక వందల పొయ్యిలు ఆరిపోయాయి. సరిహద్దు లారీల గురించి ఎంత మాట్లాడతామో నెట్‌వర్క్ గురించీ అంత మాట్లాడాలి, అదీ యాక్సెసే.

వీళ్ళని రెండు పక్షాలూ అవతలివాళ్ళ గూఢచారులంటూ పట్టుకెళ్ళాయి, కొందరు తిరిగి రాలేదు. మేం తయారుచేసే ముసాయిదాల్లో స్థానిక వాలంటీర్లని అరెస్టు చేయకూడదని ఒక వాక్యం పెట్టమని అడుగుతూనే ఉంటాం, బేరం మొదలవగానే ఎక్కువసార్లు ముందు కొట్టేసేది ఆ వాక్యాన్నే.