గ్రాఫిక్స్ కార్డు డ్రైవరు గురించి పిల్లలకు ఉత్తరం

కర్నూలు

చిరంజీవులకు,

పాత డెస్క్‌టాపులో ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకుని, ఒక ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు తగిలించి, బొమ్మలు చేసే బ్లెండరో, ఏఐ పనులు చేసే పైటార్చో నడపాలని మీలో చాలామందికి ఉంది. మంచి కోరికే. కానీ డ్రైవరు (కార్డును నడిపే సాఫ్ట్‌వేరు) కోసం ఎవరో చూపించిన కమాండ్లను వరసగా కొట్టేసి, రీబూట్ చేశాక తెర నల్లగా ఉంటే మొత్తం ఫార్మాట్ చేసేస్తున్నారు. అంత పని అక్కర్లేదు. పని ఎక్కడ ఆగిందో మెషీనే చెబుతుంది. ముందు దాన్ని అడగాలి, అది చెప్పింది చదవాలి, ఆ తర్వాతే ఏదైనా మార్చాలి. కమాండ్లను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. మీరు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, గీతలూ ఖాళీలూ తప్పకుండా కొట్టండి.

మొదట అడగాల్సింది ‘ఎల్ఎస్‌పీసీఐ -కె’. అందులో వీజీఏ లేదా 3డీ కంట్రోలర్ అన్న వరస వెతకండి. కార్డు పేరు అక్కడుంటుంది. దాని కింద ‘కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్’ (కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ) అన్నచోట నూవో అని ఉంటే, ఉబుంటుతో వచ్చిన ఓపెన్ సోర్స్ డ్రైవరు నడుస్తోందని అర్థం. ఎన్విడియా అని ఉంటే ఆ కంపెనీ డ్రైవరు. ఒకే బండిని ఇద్దరు తోలలేరు కదా, ఒక కార్డును ఈ రెండూ కలిసి నడపలేవు. నూవోను పక్కన పెట్టే పని ఉబుంటు ప్యాకేజీయే చూసుకుంటుంది.

సెకండ్ హ్యాండ్ కార్డు కొనేటప్పుడు పెట్టె మీద పేరు ఒక్కటే నమ్మకండి. జీటీ 730 అనే పేరుతోనే ఫెర్మీ తరం చిప్పూ వచ్చింది, కెప్లర్ తరం చిప్పూ వచ్చింది. ఫెర్మీకి 390 డ్రైవరే చివరిది, కెప్లర్‌కు 470. ఈ రెండూ కొత్త కెర్నెళ్లతో పేచీ పెడతాయి, కాబట్టి అట్లాంటి కార్డును నూవోతో నడుపుకోవడమే మేలని నా అభిప్రాయం. జీటీఎక్స్ 1050 టీఐ, 1060 లాంటి పాస్కల్ కార్డులకు 580 వరస చివరిది.

తర్వాత ‘ఉబుంటు-డ్రైవర్స్ డివైసెస్’ కొట్టండి. మీ కార్డుకు సరిపోయే వెర్షన్లు వస్తాయి, ఒకదాని పక్కన రికమెండెడ్ అని ఉంటుంది. చివర ‘-ఓపెన్’ అని ఉన్నవి ట్యూరింగ్ తరం నుంచే, అంటే జీటీఎక్స్ 16, ఆర్టీఎక్స్ 20 వరసల నుంచే పనిచేస్తాయి. పాస్కల్ కార్డుకు అది వేస్తే కార్డు నడవదు. ఆర్టీఎక్స్ 50 వరసకైతే ఓపెన్ రకమే తప్పనిసరి. ‘సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్’ అంటే తగినదాన్ని తానే వేస్తుంది. ఎన్విడియా సైటు నుంచి .రన్ ఫైలు దించి దీనిమీద వేయకండి. అది ఆప్ట్ (ఉబుంటు ప్యాకేజీలను చూసుకునే సాధనం) లెక్కలోకి రాదు, తర్వాతి అప్‌డేట్‌లో రెండూ కొట్టుకుంటాయి.

ముందే కట్టిన మాడ్యూల్ (కెర్నెల్‌లోకి ఎక్కే డ్రైవరు ముక్క) దొరక్కపోతే డీకేఎంఎస్ అనే సాధనం దాన్ని మీ మెషీనులోనే కంపైల్ చేస్తుంది, దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మన దగ్గర కరెంటు పోయేది సరిగ్గా అప్పుడే. మళ్లీ వచ్చాక ‘సుడో డీప్యాకేజ్ --కాన్ఫిగర్ -ఎ’ కొట్టి (కమాండు పేరు డి, పి, కె, జి అనే నాలుగు అక్షరాలే), ఆ తర్వాత ‘డీకేఎంఎస్ స్టేటస్’ చూడండి. ‘యూనేమ్ -ఆర్’ చూపించే కెర్నెల్ వెర్షన్ పక్కన ఇన్‌స్టాల్డ్ అని లేకపోతే, అదే వెర్షన్ పేరుతో లినక్స్-హెడర్స్ ప్యాకేజీ వేసి, ‘సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్’ నడపండి. కెర్నెల్ అప్‌డేట్ అయిన మర్నాడు కార్డు కనిపించకపోతే కూడా మొదట చూడాల్సింది ఇదే.

ఎక్కువమంది తప్పిపోయేది సెక్యూర్ బూట్ (నమ్మిన సంతకం లేని మాడ్యూళ్లను ఆపే కాపలా) దగ్గర. ఇన్‌స్టాల్ మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీబూట్‌లో నీలం తెర వచ్చి కొద్ది సెకన్లే ఆగుతుంది. అప్పుడే ఒక కీ నొక్కి, ఎన్‌రోల్ ఎంఓకే, కంటిన్యూ, యెస్ అని వరసగా ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెరను వదిలేస్తే కెర్నెల్ మీ మాడ్యూల్‌ను రానివ్వదు. ‘సుడో మోడ్‌ప్రోబ్ ఎన్విడియా’ కొడితే ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అంటుంది. డ్రైవరు చెడిపోలేదు, సంతకాన్ని ఒప్పుకోలేదు, అంతే. ‘సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ --ఎన్‌రోల్-కీ’ కొట్టి, రీబూట్ చేసి, ఈసారి నీలం తెర దగ్గర కూర్చోండి.

అంతా కుదిరితే ‘ఎన్విడియా-ఎస్ఎంఐ’ ఒక పట్టిక చూపిస్తుంది. పైన కుడివైపున్న CUDA (కార్డుతో లెక్కలు చేయించే ఎన్విడియా సాఫ్ట్‌వేరు) వెర్షన్ చూసి CUDA టూల్‌కిట్ పడిందనుకోకండి. ఈ డ్రైవరు అంతవరకు మోయగలదని మాత్రమే దానర్థం. ‘డ్రైవర్/లైబ్రరీ వెర్షన్ మిస్‌మ్యాచ్’ అంటే ప్యాకేజీ కొత్తది, మెమరీలో ఉన్న మాడ్యూల్ పాతది. రీబూట్ చేస్తే సరిపోతుంది.

ఇప్పుడు ఎండ సంగతి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లలో 40 డిగ్రీలు దాటుతుంది, బండల మిద్దె కింద గది రాత్రయినా చల్లబడదు. ఫ్యాను తోసేది ఆ గది గాలినే కాబట్టి కార్డు అంతకంటే చల్లగా ఉండలేదు. అందుకే పవర్ లిమిట్ తగ్గించడం తప్పక నేర్చుకోండి. ‘ఎన్విడియా-ఎస్ఎంఐ -క్యూ -డి పవర్’ మీ కార్డుకు కనిష్ఠం, గరిష్ఠం, మామూలు హద్దులు చెబుతుంది. ఆర్టీఎక్స్ 3060కి మామూలు హద్దు 170 వాట్లు. ముందు ‘సుడో ఎన్విడియా-ఎస్ఎంఐ -పీఎం 1’ కొట్టి, తర్వాత ‘సుడో ఎన్విడియా-ఎస్ఎంఐ -పీఎల్ 130’ కొట్టండి. కరెంటు ఖర్చులో దాదాపు నాలుగో వంతు తగ్గినా వేగం అంత తగ్గదు. చివరి కొద్దిపాటి క్లాక్ వేగం కోసం కార్డు వోల్టేజీ బాగా పెంచుతుంది, ఖర్చయ్యే కరెంటేమో వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి పెరుగుతుంది. వృథా అంతా ఆ చివర్లోనే ఉంది. 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు ఇచ్చేది 360 వాట్లే, వాటికీ ఇది ఊరట. చాలా ల్యాప్‌టాపుల్లో మాత్రం ఈ హద్దు మార్చనివ్వరు.

ఈ హద్దు రీబూట్‌తో పోతుంది. నిలవాలంటే /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్‌లో ఒక చిన్న సర్వీస్ ఫైలు పెట్టి, టైప్ (Type) వన్‌షాట్ అని, ఎగ్జెక్‌స్టార్ట్ (ExecStart)లో పూర్తి దారితో అదే కమాండు రాసి, వాంటెడ్‌బై (WantedBy)లో మల్టీ-యూజర్.టార్గెట్ ఇచ్చి, సిస్టమ్‌సీటీఎల్‌తో ఎనేబుల్ చేయండి. ఆ తర్వాత పని నడుస్తుండగా ‘-క్యూ -డి పెర్ఫార్మెన్స్’ చూడండి. సాఫ్ట్‌వేర్ పవర్ క్యాప్ యాక్టివ్ అంటే మీరు పెట్టిన హద్దే, దిగులు లేదు. థర్మల్ స్లోడౌన్ యాక్టివ్ అంటే వేడి. మెషీను ఆపి, ప్లగ్ తీసి, హీట్‌సింకు దుమ్ము దులపండి.

తెర నల్లబడితే మొదట కేబుల్ చూడండి. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు పెట్టి డ్రైవరును తిట్టుకునేవాళ్లు చాలామందే. అది సరిగానే ఉంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి, టెక్స్ట్ లాగిన్ రావచ్చు. అదీ రాకపోతే బూట్ అయ్యేటప్పుడు ఎస్కేప్, పాత బయోస్‌లో షిఫ్ట్ నొక్కి గ్రబ్ మెనూకు (ఏ సిస్టమ్ బూట్ చేయాలో అడిగే తెర) వెళ్లి, ‘ఇ’ కొట్టి, లినక్స్ అని మొదలయ్యే వరస చివర ‘నోమోడ్‌సెట్’ చేర్చి, ఎఫ్10 నొక్కండి. అది ఆ ఒక్క బూట్‌కే. లోపలికి చేరాక ‘జర్నల్‌సీటీఎల్ -కె -బి -1’ తో పోయినసారి బూట్ చిట్టా చదవండి. అందులో ‘ఎక్స్ఐడీ 79’ అని, కార్డు బస్ (కార్డూ మదర్‌బోర్డూ మాట్లాడుకునే దారి) నుంచి పడిపోయిందని ఉంటే డ్రైవరు మార్చి లాభం లేదు. కార్డును స్లాటులోంచి తీసి గట్టిగా కూర్చోబెట్టండి, పవర్ కేబుల్, ఎస్ఎంపీఎస్ (మెషీనుకు కరెంటు ఇచ్చే పెట్టె) చూడండి.

ఇంత చూసినా అంతుబట్టకపోతే ‘సుడో ఎన్విడియా-బగ్-రిపోర్ట్.ఎస్‌హెచ్’ నడపండి. అది తయారుచేసే లాగ్ ఫైలు, ఎల్ఎస్‌పీసీఐ చెప్పింది, డీకేఎంఎస్ చెప్పింది, మూడూ కలిపి పంపండి. తెర ఫొటో ఒక్కటి పంపితే ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఆశీస్సులతో,
మీ మామయ్య