జెండాలు దాటాక ఎన్ని బారలు?

గచ్చిబౌలి ఈతకొలనులో పిల్లల పోటీలు జరుగుతుంటే గ్యాలరీలో ఎటు తిరిగినా ఒకటే మాట: "భయపడకు నాన్నా, ఏమీ కాదు." 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడల ఈత పోటీలు జరిగిన కొలను అది. మొన్న అక్కడ, తన హీట్ (తొలి దశ పోటీ) కోసం ప్లాస్టిక్ కుర్చీలో ఎదురుచూస్తున్న పన్నెండేళ్ల అమ్మాయిని చూశాను. కళ్లు మూసుకుంది. కుడిచేతి బొటనవేలు చూపుడువేలి కణుపుల మీద నెమ్మదిగా కదులుతోంది. నా పక్కన కూర్చున్న ఆవిడ "జపం చేసుకుంటోంది, పాపం" అన్నారు.

జపం కాదు. ఆ అమ్మాయిది బ్యాక్‌స్ట్రోక్. వెల్లకిలా ఈదేవారికి వచ్చే గోడ కనిపించదు. గోడకు 5 మీటర్ల ఇవతల, తలకు పైన కట్టిన జెండాల తోరణమే గుర్తు. అది దాటాక ఎన్ని బారలు వేస్తే గోడ అందుతుందో ఎవరి లెక్క వారిదే. ఆ లెక్కనే ఆమె కుర్చీలో కూర్చుని ఈదుతోంది.

"భయపడకు" అనేది ప్రేమతో అనే మాటే. కానీ దానివల్ల మెదడుకు చేయడానికి పనేమీ దొరకదు. పోటీ ముందు అడ్రినలిన్ పెరిగి గుండె వేగం హెచ్చుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, భుజాలు బిగుసుకుంటాయి. పరుగు పందెంలో కావాలన్నప్పుడు గాలి పీల్చుకోవచ్చు. ఫ్రీస్టైల్‌లో, బటర్‌ఫ్లైలో నోరు నీటిపైకి వచ్చిన ఆ క్షణంలోనే పీల్చాలి. బిగిసిన భుజంతో బార పొట్టిదవుతుంది, అంతే దూరానికి ఎక్కువ బారలు పడతాయి, అలసట ముందే వస్తుంది. అయితే పోటీ మొదట్లో గట్టు మీది దిమ్మ (బ్లాకు) నుంచి దూకే బలానికీ ఆ అడ్రినలినే తోడు. అందుకే దాన్ని తరిమేయాలనుకోవడం నాకు సరైనది అనిపించదు. పీల్చినదానికంటే ఎక్కువసేపు, నిదానంగా ఊపిరి వదిలితే వేగస్ నాడి గుండెను కాస్త నెమ్మదింపజేస్తుంది. నీళ్లలో బుడగలు వదలడం నేర్చిన పిల్లలకు అది కొత్త విద్యేమీ కాదు.

ఇక మనసులో ఈదడం. ఒక కదలికను ఊహించినప్పుడు, దాన్ని నడిపించే మెదడు భాగాల్లో చాలావరకు నిజంగా కదిలినప్పటిలాగే చురుకవుతాయి. కానీ ఊహకూ నిజమంత నిడివి ఉండాలి. 100 మీటర్లు మనసులో అరనిమిషంలో అయిపోయాయంటే టర్ను (గోడ దగ్గర వెనుదిరగడం) ఎక్కడో ఎగిరిపోయినట్టే. పతకం మెడలో పడటాన్ని ఊహిస్తే చాలదు, తప్పు జరిగితే ఏం చేయాలో కూడా ఊహించాలి.

2008 ఆగస్టు 13న, బీజింగ్ ఒలింపిక్స్ 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ గాగుల్స్‌లోకి నీళ్లు చేరాయి. చివరికి గోడ కూడా కనిపించలేదు. ఆయన బారలు లెక్కపెట్టుకుంటూ ఈది, 1 నిమిషం 52.03 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలిచారు. చిక్కులు వచ్చిన పోటీని కూడా మనసులో ఈదించడం ఆయన కోచ్ బాబ్ బౌమన్ అలవాటు చేసిన సాధన.

మా అమ్మాయి (అప్పటికే అలా అనుకోవడం మొదలుపెట్టాను) అయిదో స్థానంలో వచ్చింది. తువ్వాలు కప్పుకోకముందే కోచ్ దగ్గరికి పరుగెత్తింది.

"సార్, టర్ను దగ్గర నాలుగే. ఫినిష్‌లో అయిదు పట్టాయి."

"అలసిపోయావమ్మా, బార తగ్గింది. సాయంత్రం మళ్లీ లెక్కపెడదాం."