పండగ పూట పెరటి గుమ్మం

"ఏటి మాస్టారూ, నడక ఇప్పుడా? పండగలన్నీ వెళ్లిపోనివ్వండి. జనవరి ఒకటికి ముహూర్తం పెట్టేసుకున్నాను."

ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడి బజారులో కిరాణా కొట్టు నడిపే నా పాత శిష్యుడి మాట ఇది. గల్లాపెట్టె వెనక కూర్చుని కూర్చుని బొజ్జ పెరిగింది, పరగడుపు షుగరు గీత దగ్గర ఊగుతోంది. డాక్టరు నడవమన్నారు. నడుస్తానంటాడు, కాలు మాత్రం కదపడు. దసరా ముందు అడిగితే దసరా కానీండి అన్నాడు. ఆ తర్వాత దీపావళి. కార్తీకమంతా ఉపవాసాల నీరసం. పున్నమి మర్నాడు ఛడఖాయి, అంటే కార్తీక నిష్ఠ విడిచి మాంసం తినే ఒడియా పండగ. ఆ రోజు మా ఊళ్లో ఒడియావాళ్లూ తెలుగువాళ్లూ అని తేడా లేకుండా మాంసం కొట్ల ముందు వరస కడతారు, నడక ఊసెత్తితే కొట్టేలా చూస్తారు. ఇప్పుడు మార్గశిరం. ఇక మిగిలింది క్రిస్మస్, ఆ తర్వాత ఆయనగారి జనవరి ఒకటి.

ముహూర్తం అన్నాడు గనక ఆ లెక్కే ముందు తేలుద్దాం. డిసెంబరు 16 అటూ ఇటూగా ధనుర్మాసం పట్టి సంక్రాంతి దాకా ఉంటుంది. ఆ నెల్లో పిల్లకి పెళ్లి చెయ్యడు, కొత్తింట్లో పాలు పొంగించడు. జనవరి ఒకటి పడేది సరిగ్గా దాని నడుమ! నడకకి మాత్రం పంచాంగం అడ్డురాదు కాబోలు. పోనీ ఆ రోజే మొదలెట్టాడనుకుందాం. రెండు వారాలు తిరక్కుండా భోగి, అరిసెలు, అల్లుళ్లు. మళ్లీ వాయిదా.

బరువు సంగతి ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను. అమెరికాలో 195 మందిని పండగలకి ముందూ తర్వాతా తూచి 2000లో లెక్క తేల్చారు. నవంబరు నుంచి జనవరి దాకా సాగే వాళ్ల పండగల్లో సగటున పెరిగింది 0.37 కిలో. ఇంతేనా అనిపిస్తుంది. తర్వాత వేసవి వచ్చినా అది దిగలేదు, చిక్కంతా అక్కడుంది.

నాకు అసలు ముచ్చటైనది వేరే ఉంది. నడిస్తే షుగరు ఎలా దిగుతుందో చెప్పే గుమ్మాల కథ. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ దీన్ని గ్రాంథికంలో చెబితే బాగుండదు.

మన పాత వీధి ఇళ్లు చూడండి. వీధి నుంచి పెరడు దాకా రైలుపెట్టెలా సాగుతాయి. ముందు వీధి గుమ్మం, వెనక పెరటి గుమ్మం. కండలోని కణాన్ని అలాంటి ఇల్లనుకోండి. రక్తం వీధి, గ్లూకోజు చుట్టాలు. వీధి ఎంత ఇరుకో తెలుసా? ఒంట్లో రక్తం 5 లీటర్లు, డెసిలీటరుకి 100 మిల్లీగ్రాముల షుగరు అంటే మొత్తం 5 గ్రాములు. ఒక్క చెంచాడు! పండగ భోజనంలో అన్నం, బూరెలు, పాయసం కలిపితే అలాంటివి ఇరవై ముప్పై చెంచాలు గంట, రెండు గంటల్లో వీధిలోకి దిగుతాయి. వచ్చినవాళ్లని వచ్చినట్టే లోపలికి పిలవకపోతే వీధి కిక్కిరిసిపోతుంది. ఎక్కువమందికి చోటిచ్చేది కండే. కాలేయంలో సుమారు 100 గ్రాములు పడితే, ఒంట్లోని కండలన్నిటిలో 400 గ్రాముల దాకా గ్లైకోజెన్‌గా, అంటే గ్లూకోజు నిలవ రూపంగా, పడుతుంది.

వీధి గుమ్మం దగ్గర తలుపు తట్టేది ఇన్సులిన్. బళ్లో 'ఇన్సులిన్ తాళంచెవి' అని చెబుతాం. ముప్పై ఏళ్లు నేనూ అదే చెప్పాను, పిల్లలు అదే రాశారు, మార్కులు వేశాను. అది సగం నిజమే. ఇక్కడే నా ఇల్లు కూడా కాస్త తలకిందులవుతుంది, ఎందుకంటే ఈ ఇంటికి తలుపులు గోడకి బిగించి ఉండవు. గ్లూట్-4 అనే ప్రోటీన్లే తలుపులు. మామూలు వేళల్లో వాటిని చిన్న చిన్న సంచుల్లో చుట్టి అటక మీద పెట్టేసి ఉంటుంది కణం. ఇన్సులిన్ వచ్చి తడితే లోపల కబురు ఒక ప్రోటీన్ నుంచి ఇంకో ప్రోటీన్‌కి చేతులు మారుతుంది: గ్రాహకం నుంచి పీఐ-3 కైనేజ్‌కి, అక్కణ్నుంచి ఏకేటీకి, ఏకేటీ నుంచి ఏఎస్-160కి. ఈ చివరిది అటక మెట్ల దగ్గర కాపలాదారు. దానికి ఫాస్ఫేట్ తగిలించగానే పక్కకి తప్పుకుంటుంది. సంచులు దిగొచ్చి గోడలో కలిసిపోతాయి, గుమ్మాలు తెరుచుకుంటాయి. కొన్ని నిమిషాల పని. ఏళ్ల తరబడి కూర్చున్నవాడి ఇంట్లో ఈ కబురు దారిలోనే నీరసపడిపోతుంది. ఇన్సులిన్ తడుతూనే ఉంటుంది, లోపల పలికేవాడుండడు.

ఇక పెరటి గుమ్మం. కండ ముడుచుకున్నప్పుడల్లా లోపల కాల్షియం విడుదలవుతుంది, కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఖర్చయి, దాని మిగులైన ఏఎంపీ పోగవుతుంది. అది ఏఎంపీకే అనే ఎంజైముని లేపుతుంది. కండ సాగే లాగుడు కూడా ఒక సంకేతమే. ఇవన్నీ కలిసి ఇంట్లోంచే కేక వేస్తాయి, 'తలుపులు దించండ్రా' అని. వీధిలో ఇన్సులిన్ తట్టిందా లేదా అన్నది దీనికి అనవసరం. టైప్-2 మధుమేహం ఉన్నవాళ్లలో వీధి గుమ్మం మొరాయించినా ఈ పెరటి గుమ్మం బాగానే పనిచేస్తుంది! ఈ ఒక్క ముక్కే నాకు పాఠ్యపుస్తకం మొత్తం కంటే అందంగా తోస్తుంది.

నమ్మకం కుదరకపోతే 1989లో కోపెన్‌హేగన్‌లో చేసిన ప్రయోగం వినండి. మనుషుల చేత ఒక్క కాలితోనే గంటసేపు కసరత్తు చేయించారు. నాలుగు గంటలయ్యాక ఇన్సులిన్ ఎక్కిస్తూ రెండు కాళ్లూ గ్లూకోజుని ఎంత లాగుతున్నాయో కొలిచారు. పనిచేసిన కాలు ఎక్కువ లాగింది. మనిషి ఒకడే, రక్తం ఒకటే, ఇన్సులిన్ ఒకటే. కాబట్టి మహిమ నెత్తురులో లేదు, ఆ కండలోనే ఉంది. చేతికి కట్టుకునే తాయెత్తుల వాళ్లు ఈ ప్రయోగం చూసి ఉంటే కాళ్లకి కూడా అమ్మేవాళ్లు.

పెరట్లోంచి వచ్చిన కేక ప్రభావం కొద్ది గంటల్లో తగ్గిపోతుంది. ఆ తర్వాత కూడా కండ ఇన్సులిన్ మాటకి చురుగ్గా పలుకుతుంది గానీ, అదీ ఒకటి రెండు రోజులే. పైగా నడిచినప్పుడు నిన్నటి చుట్టాలు ఖర్చయి గది ఖాళీ అవుతుంది. కండలో చేరిన గ్లూకోజుని తిరిగి రక్తంలోకి పంపే ఎంజైము కండకి లేదు, కాలేయానికి ఉంది. అంటే గదిలో ఉన్నవాణ్ని వీధిలోకి గెంటెయ్యలేం, అక్కడే పని చెప్పి కరిగించాలి. ఇదంతా కలిపి మా కిరాణావాడికి ఒక్కటే చెప్పాను: "ఈ సరుకు నిలవుండదురా, పాలలాంటిది. జనవరి నడక డిసెంబరు బూరెకి చెల్లదు."

ఇంగ్లండులో బాత్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో దీన్ని దాదాపు పండగలాగే జరిపి చూశారు. ఆరోగ్యంగా ఉన్న 26 మంది కుర్రాళ్లు వారం పాటు తెగ తిన్నారు, నడక తగ్గించుకున్నారు. దాదాపు సగం మంది మాత్రం రోజూ 45 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తారు. వాళ్లకి ఆ ఖర్చుకి తగ్గట్టు ఇంకా ఎక్కువ తిండి పెట్టారు, మిగులు కేలరీలు రెండు జట్లకీ సమానంగా ఉండేట్టు. అయినా వారం తిరిగేసరికి కూర్చున్నవాళ్ల షుగరు అదుపు దెబ్బతింది, కొవ్వు కణాల్లో జన్యువుల తీరు కూడా మారింది. పరిగెత్తినవాళ్లు చాలావరకు నిలబడ్డారు. తిండి మానకపోయినా!

అంత పరుగు అక్కర్లేదు. న్యూజిలాండులో 41 మంది మధుమేహులతో చేసిన పరిశీలనలో రోజుకోసారి అరగంట నడవడం కంటే మూడు పూటలా తిన్నాక పదేసి నిమిషాలు నడవడమే నయమని తేలింది. భోజనం తర్వాతి షుగరు సగటున 12 శాతం తగ్గింది, రాత్రి భోజనం తర్వాత 22 శాతం. తిన్నాక నడిస్తే అన్నం అరగదని మా వీధిలో ఒక నమ్మకం. తిన్నాక నూరడుగులు వెయ్యమని మా బామ్మ శాస్త్రం. బామ్మే గెలిచింది. ఇన్సులిన్ సూదులూ కొన్ని రకాల షుగరు మాత్రలూ వాడేవాళ్లు మాత్రం డాక్టరుతో మాట్లాడి మొదలెట్టాలి, షుగరు మరీ పడిపోవచ్చు. గుండెలో నొప్పి వచ్చేవాళ్లూ అంతే.

మాకింకో వెసులుబాటుంది. భోంచేసి మహేంద్రతనయ నది వంతెన వైపు నడక పట్టి పాతపట్నం దాకా పోతే, ఒడిశాలో తిన్నది ఆంధ్రాలో అరిగించుకున్నట్టే.

మాటలతో లొంగలేదు వాడు. వాడి దగ్గర గ్లూకోమీటరు ఎలాగూ ఉంది, ప్రయోగం పెట్టాను. రెండు రోజులు ఒకే వేళకి నాలుగు ఇడ్లీలు, ఘుగుని అనే బఠాణీ కూర. మొదటి రోజు తిని గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలి, రెండో రోజు తిన్న వెంటనే బజారంతా పావుగంట తిరగాలి. రెండుసార్లూ సరిగ్గా గంటకి వేలు పొడుచుకోవాలి.

రెండో రోజు పరుగున వచ్చాడు. "తగ్గింది మాస్టారూ!" చీటీ మీద రెండంకెలూ రాసి తెచ్చాడు, రెండోది బాగానే చిన్నది. నాకూ సంబరమేసింది. మాటవరసకి అడిగాను, ఇడ్లీలు నాలుగూ తిన్నావు కదా అని.

"మూడే. నడవాలి కదా, కడుపు బరువవుతుందని ఒకటి వదిలేశాను."

చీటీ చించేశాను. రేపు పొద్దున్న మళ్లీ నాలుగు ఇడ్లీలు. ఈసారి నేనే పక్కన కూర్చుని లెక్కపెడతాను.